తొలిచెక్క

లోడు పన్నెండింటికి కదులుతుంది. కదిలిందా, ఇక సూరన్న చావు సంగతి సూరన్నతోనే బూడిదైపోయినట్టే.

ఆదిత్యపూర్ యార్డు గేటు దగ్గర ఆటో దిగేసరికి పదవుతోంది. నా పక్కన సన్యాసమ్మ వదిన ఉంది. మొగుడు పోయి ఇవాళ్టికి మూడో రోజు. ఇలాంటప్పుడు ఆడది గడప దాటుతుందా అని సిద్ధగోరాలో మా వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చెవులు కొరుక్కుంది. కొరుక్కోనీ. వాళ్ళ నోళ్ళు మూయించడానికి నాకు తీరిక లేదు, వదినకి ఓపిక లేదు.

"నా మొగుడు మరి రాడు. అది నాకు తెలుసు కుమారీ," అంది ఆటోలో. "కానీ తాగి పడిపోయి సచ్చిపోనాడని అంటన్నారు సూడు, ఆ మాట నాను మొయ్యలేకపోతన్నాను. ఆ ఒక్క మాట తీయించు. నిన్ను మరేటీ అడగను."

అదొక్కటే ఆవిడ అడిగింది. పదిహేనేళ్ళు రైల్వే ప్రొటెక్షన్ ఫోర్సులో చేసి, ఆ తర్వాత ఈ డిటెక్టివ్ పని పెట్టుకున్నాక ఎంతమందో ఎన్నో అడిగారు. ఇంత చిన్న కోరిక ఎవరూ కోరలేదు. "చూద్దాంలే వదినా" అని మాత్రం అన్నాను.

సూరన్న అసలు పేరు అప్పలసూరి. ఈ హిందీ ఊళ్ళో బరువులెత్తే కలాసీలందరికీ సర్దారు. మామూలు లారీ మొయ్యలేనివి, రైలు పెట్టెలో పట్టనివి, అలాంటి లోడ్లని ట్రైలరు మీద కూర్చోబెట్టి, చెక్కలు పేర్చి, గొలుసులు బిగించడం ఆయన పని. వాళ్ళ నాన్న బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇదే పని చేసి ఇక్కడే పోయాడు. తాగి వచ్చినవాణ్ణి సూరన్న గొలుసు ముట్టనిచ్చేవాడు కాదు. చెంప మీద ఒక్కటిచ్చి ఇంటికి పంపేవాడు. అలాంటి మనిషి మొన్న తెల్లవారుతుండగా గొలుసు చూడ్డానికి లోడు ఎక్కాడట, తాగి ఉన్నాడట, కాలు జారిందట. పోలీసులు ఆ అటలన్నీ రాసుకుని వెళ్ళిపోయారు.

లోడు ఎదురుగానే ఉంది. నూరు టన్నుల ప్రెస్సు ఫ్రేము, రెండంతస్తుల ఇల్లంత ఎత్తు. ఈ యార్డు గుమ్మంలో ఎక్కించి, హల్దియాలో ఓడెక్కించి, సముద్రం దాటించి, కెన్యాలో కొన్నవాడి ఫ్యాక్టరీ గుమ్మంలో దింపాలి. దారిలో ఏం జరిగినా పూచీ రవాణా కంపెనీదే. ఆ కంపెనీ మాలిక్ బలరామ్ నాకు నమస్కారం పెట్టి, "సూరన్న మీద గౌరవంతో ఇంతసేపు ఆపాను మేడమ్. రోడ్డు పర్మిషన్ ఇవాళ్టికే. పన్నెండు దాటితే ఆపడం నా వల్ల కాదు," అన్నాడు. పాపం, అబద్ధం చెప్పే ముఖం కాదు.

వదినని చెట్టు నీడన కుర్చీలో కూర్చోబెట్టి ఆదిబాబుని పిలిచాను.

వీడు సూరన్న మేనల్లుడు, ఆయన గేంగులోనే కలాసీ. ఆరేళ్ళప్పుడు తల్లి పోతే తెచ్చి పెంచుకున్నారు. వదినకి కడుపున పుట్టినవాళ్ళు లేరు, ఉన్నది వీడే. మొన్న సువర్ణరేఖ ఒడ్డున తలకొరివి పెట్టిందీ వీడే. రెండు రోజుల్లో ముఖం పీక్కుపోయింది.

"మొన్న పొద్దున్న ఎప్పుడొచ్చావురా?"

"ఆరున్నరకి, పిన్నీ. వచ్చేసరికి మావ ట్రైలరు పక్కన పడున్నాడు. దారూ వాసన..."

"ముందు వాసన చూశావా, ప్రాణం ఉందో లేదో చూశావా?"

తల దించుకున్నాడు. "ఖతమ్ హో గయే థే, పిన్నీ."

"తెలుగులో ఏడు."

"అప్పటికే అయిపోనాది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"సరే. లోడు ఎప్పుడు ఎక్కించారు?"

"ముందు రోజు సాయంత్రం. క్రేను ఎట్టి ఎక్కించినాం. మావే తొలిచెక్క ఎట్టాడు."

"అదేంటో నాకు తెలిసేలా చెప్పు. మా ఇళ్ళల్లో పసుపు కూరలోకే గానీ చెక్కలకి రాయరు," అన్నాను. మేం చర్చికెళ్ళేవాళ్ళం. పక్కపక్క ఇళ్ళల్లో పెరిగినా వీళ్ళ పని ఆచారాలు నాకు సగమే తెలుసు.

వాడు చెప్పాడు. ఎంత పెద్ద లోడైనా కింద ఇనుప పీట మీద వరసగా చెక్కలు పేర్చి, వాటి మీద దించుతారు. ముందు వైపు ఎడం మూల పెట్టేదే తొలిచెక్క. దాన్ని సర్దారే పెట్టాలి. పసుపు రాసి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాకే క్రేనుకి చెయ్యెత్తాలి.

"పసుపు ఎక్కడ రాస్తారు? పక్కనా, పైనా?"

"పైమొకం మీదే, పిన్నీ. లోడు పసుపు మీద కూకోవాల."

"మరి మీ మావ ఏ చెక్క పెట్టాడు?"

ఈ ప్రశ్నకి మాత్రం వాడు తలెత్తి నన్ను చూశాడు. చూసి, వెంటనే వాళ్ళత్త వైపు చూశాడు. "ఎప్పుడూ ఎట్టేదే," అన్నాడు.

వదినని అడిగితే క్షణం ఆలోచించకుండా చెప్పింది. "మా మావగారి కాలంనాటి సాలుచెక్క, సాలుమానుది. నల్లగా, ఇనుములాగ ఉంటాది. హల్దియాలో లోడు దించీగానే బుజానేసుకుని ఇంటికి తెచ్చీసీవోడు. ఈసారి లోడుని పీటతోటి, చెక్కలతోటి ఓడెక్కించెత్తారంట. 'పోనీలేవే, ఇదే నా ఆకరి లోడు, మా అయ్య చెక్క సముద్రం దాటనీ,' అన్నాడు." అని కళ్ళు తుడుచుకుంది.

నేను నిచ్చెన వేసుకుని లోడు ఎక్కాను. యాభై రెండేళ్ళకి మోకాళ్ళు మాట వినవు, అయినా ఎక్కాను. సూరన్న జారిపడ్డాడని చెప్పిన చోట ఎర్రదుమ్ము మందంగా పేరుకుని ఉంది. కాకి కాళ్ళ గుర్తులున్నాయి. మనిషి అడుగు ఒక్కటీ లేదు. ఇక్కడి నుంచి పడాలంటే ముందు ఇక్కడికి ఎక్కాలి కదా. నిన్న ఆసుపత్రిలో కాంపౌండరు ఒక మాట చెప్పాడు, కుడివైపు పక్కటెముకలన్నీ ఒకే వరసలో నలిగిపోయాయని. పడినవాడికి తల పగులుతుంది, చెయ్యి విరుగుతుంది. ఇలా వరస కట్టి ఎముకలు విరగవు. పైనుంచి బరువేదో దిగితేనే అలా అవుతుంది.

దిగి, ముందు వైపు ఎడం మూలకి వెళ్ళి వంగి చూశాను.

నల్లటి సాలుచెక్క లేదు. దాని చోట తెల్లటి కొత్త చెక్క ఉంది. మిగతా చెక్కలకి ఉన్నట్టే దానికీ నల్లముద్ర ఉంది. దేశం దాటే సరుకు కింద వాడే చెక్కని వేడిలో ఎండబెట్టి, పురుగు లేదని ఆ ముద్ర కొడతారు. ముద్ర లేని చెక్క ఒక్కటి కనబడినా అవతలి రేవులో లోడంతా వెనక్కి తిప్పేస్తారు.

అయితే ఈ కొత్త చెక్కకీ పసుపు ఉంది, బొట్టూ ఉంది. మూడు వేళ్ళతో రాశారు. దగ్గరికి జరిగి చూశాను. వేళ్ళ గీతలు చెక్క పక్కముఖం మీద మొదలై, అక్కడితో ఆగకుండా పైనున్న ఇనుము మీదికి కూడా పాకాయి. అంటే రాసేటప్పటికే లోడు చెక్క మీద కూర్చుని ఉంది. పైముఖం దొరక్క పక్కన రాశారు. చెక్క పక్కనే ఇనుప పీట మీద తాంబాలమంత గుండ్రటి నొక్కు కొత్తగా మెరుస్తోంది. జాకీ పెట్టి ఎత్తిన గుర్తు అది.

"ఏంటి బాలకుమారి గారూ, మోకాళ్ళ మీద ప్రార్థనా?"

ఆ గొంతు ఎక్కడున్నా గుర్తుపడతాను. సూర్యప్రకాష్. ఒకప్పుడు ఇద్దరం ఒకే ఆఫీసు. రాగితీగల దొంగతనం కేసు నేను తవ్వి తీస్తే తన పేరు రాసుకుని ప్రమోషన్ కొట్టేసిన ఘనుడు. తర్వాత ఉద్యోగం మానేసి విదేశాలకి పోయే సరుకు తనిఖీ చేసే సర్వేయరు అవతారం ఎత్తాడు. ఆయన సరే అంటేనే ఈ లోడు కదులుతుంది.

"ప్రార్థనే. మీలాంటి వాళ్ళ కోసం కూడా చేస్తూంటాను," అన్నాను లేచి చీర దులుపుకుంటూ.

"పోలీసులు వదిలేసిన కేసు. ముసలాయన తాగాడు, పడ్డాడు. బాధగానే ఉంది, కాదనను. కానీ అవతల ఓడ ఆగదు. ఆ పెద్దావిణ్ణి ఇంటికి తీసుకెళ్ళండి. ఎందుకు ఎండలో కూర్చోబెట్టి హింస?"

"తీసుకెళ్తాను. ఒక్క మాట చెప్పండి. ఈ చెక్కలన్నీ మీరు చూశారా?"

"చూడకుండా ఎలా పాస్ చేస్తాను? లోడు ఎక్కించిన సాయంత్రమే చూశాను. అన్నిటికీ ముద్ర ఉంది. ఒక్కటీ తేడా లేదు."

"ఈ మూల చెక్కకి కూడా?"

"దానికి కూడా. కావాలంటే మీరే చూసుకోండి."

"చూశాను. ఆ సాయంత్రం ఇక్కడ సూరన్న పెట్టింది నల్లటి సాలుచెక్క. దానికి ముద్రా లేదు, గిద్రా లేదు. మీరు లేని ముద్ర ఎలా చూశారు?"

ఆయన నవ్వాడు. కానీ నవ్వు కళ్ళదాకా రాలేదు. "ఏ సాలుచెక్క? ఎవరు చూశారు? మొగుడు పోయిన దుఃఖంలో ఆవిడేదో అంటే మీరు పట్టుకు వేలాడతారా? పసుపు కనబడ్డం లేదా? ముసలాయన రాసిందే కదా అది!"

"కాదు," అన్నాను. నా గొంతు పెరిగింది. అటూ ఇటూ ఉన్న కలాసీలు గుమిగూడారు, బలరామ్ కూడా వచ్చి నిలబడ్డాడు. "ఆయన రాస్తే చెక్క పైముఖం మీద రాసేవాడు, దాని మీద లోడు దించేవాడు. ఇది లోడు దిగాక రాసిన పసుపు. ఇదిగో, ఇనుము మీద కూడా వేళ్ళు పడ్డాయి. ఎవరో జాకీతో ఈ మూల ఎత్తి, సాలుచెక్క లాగేసి, కొత్తది దూర్చారు. ఆ సందులోనే సూరన్న నలిగాడు."

"క్రేను రావాలంటే మళ్ళీ రెండ్రోజులు పడుతుందని..." అని ఎవరో కలాసీ గొణిగాడు. అంతలోనే నోరు మూసుకున్నాడు.

సూర్యప్రకాష్ ముఖం గట్టిపడింది. "సరే, అలాగే అనుకుందాం. ఎవరో దుర్మార్గుడు చెక్క మార్చాడు. వాడు పసుపెందుకు రాస్తాడమ్మా? చంపినవాడు పూజ చేస్తాడా? మీ కథకి తలా తోకా ఉందా?"

నిజం చెప్పొద్దూ, నన్ను ఇందాకట్నుంచి తినేస్తున్నది అదే. బయటివాడైతే చెక్క దూర్చి పారిపోతాడు. ఇలాంటి ఆచారం ఉందనే వాడికి తెలీదు. పసుపు లేకుండా లోడు కదలకూడదు అన్న భయం ఎముకల్లో ఉన్నవాడే రాస్తాడు. అంటే ఈ గుంపులో మనిషే. సూరన్న చేతికింద పని నేర్చుకున్న మనిషే. ఆ మాట పైకి అంటే వదిన ఎక్కడ కూలిపోతుందో అని నోరు రాలేదు.

నేను అనక్కర్లేకపోయింది. వదిన కుర్చీలోంచి లేచి ఎప్పుడొచ్చిందో వచ్చింది. వంగి ఆ పసుపు గీతల్ని చూసింది. వేలితో కొంచెం తీసి వాసన చూసింది.

"ఇది మా ఇంటి పసుపు కుమారీ," అంది నెమ్మదిగా. "దంచి, కర్పూరం కలిపి ఉంచుతాను. సర్దారు ఇంటి పసుపే రాయాల. కొట్లో కొన్నది పనికిరాదు."

"సూరన్న తెచ్చింది మిగిలి ఉంటుంది వదినా..."

"మిగల్లేదు. ఆ సాయంత్రం కాగితంలో కొంచెమే కట్టి ఇచ్చినాను. ఆయన ఇంటికొచ్చి ఉత్త కాగితం పొయ్యిలో పారేసినాడు." ఆవిడ కళ్ళు ఆదిబాబు మీద నిలిచాయి. "రెండోసారి నాను పసుపిచ్చింది నీకు. మొన్న ఇంకా తెల్లారలేదు. తలుపు కొట్టినావు. 'అత్తా, పసుపు కావాల, మావ తెమ్మన్నాడు,' అన్నావు. నా సేతుల్తోనే ఇచ్చినాను."

ఆరున్నరకే యార్డుకొచ్చానన్నవాడు, దానికి ముందు ఇంటికెళ్ళి పసుపు తెచ్చాడు. రెండు రోజులుగా పక్కింట్లోనే ఉన్నాను. వదినని ఈ మాట అడగాలని నా బుర్రకి తట్టలేదు.

"ఏయ్, వాగకు!" అని సూర్యప్రకాష్ వాడి మీదికి అరిచాడు. వాడింకా నోరు విప్పకముందే అరిచాడు. బలరామ్ ఆయన్ని ఎగాదిగా చూసి, గేటు మూసెయ్యమని వాచ్‌మన్‌కి సైగ చేశాడు.

ఆదిబాబు నేల మీద కూలబడ్డాడు.

"ఈయనే అన్నాడత్తా," అన్నాడు సూర్యప్రకాష్‌ని చూపించి. "తెల్లారీసరికి ఆ నల్లచెక్క మారకపోతే లోడు పాస్ సెయ్యను, మీ గేంగు మొత్తాన్ని పనిలోంచి తీయించెత్తాను అన్నాడు. మార్సితే నన్ను సర్దారుని సేయిత్తానన్నాడు. మావని అడిగితే ఒప్పుకోడు. అందుకే ఒక్కణ్ణే వచ్చినాను. జాకీ ఎత్తి పాతచెక్క లాగీసినాను. అప్పుడే మావ వచ్చీసినాడు. తిట్టలేదత్తా. 'ఆసరా చెక్క ఎట్టకుండా ఎత్తీసినావేట్రా, సచ్చిపోతావు, తప్పుకో,' అని నన్ను పక్కకి తోసీసి తనే సందులోకి వంగినాడు. జాకీ జారిపోనాది."

యార్డు బయట లారీ హారన్లు వినబడుతున్నాయి.

"మళ్ళీ జాకీ ఎత్తి బయటికి లాగినాను. ఈయనకి ఫోన్ సేసినాను. వచ్చినాడు. ఆసుపత్రికి తీసికెల్దామంటే, అయిపోయినట్టేరా, లాభం నేదు, నువ్వు చెక్క పెట్టి లోడు దించు అన్నాడు. దించినాను. పసుపు నేకుండా కదిల్తే దారిలో ఇంకెవుడో పోతాడని భయమేసినాది. అందుకే ఇంటికొచ్చినాను. నాను తిరిగొచ్చీసరికి మావ చొక్కా అంతా దారూ వాసన. మావ తాగలేదు. నాను పొయ్యలేదు. మావ తాగలేదు!" అని ఆఖరి మాట గుంపంతటికీ వినబడేలా అరిచాడు.

కలాసీలు తువ్వాళ్ళు తీసి కళ్ళద్దుకున్నారు. సూర్యప్రకాష్ "దీనికి సాక్ష్యం ఏముంది?" అంటూ కారు వైపు రెండడుగులు వేశాడు గానీ, అటువైపు నలుగురు కలాసీలు అడ్డంగా నిలబడి ఉన్నారు. నేను అప్పటికే పోలీసు స్టేషనుకి ఫోన్ కలిపాను. పన్నెండు దాటిపోయింది. లోడు కదల్లేదు.

వదిన అడిగిన ఒక్క మాట తీరింది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "పద వదినా, చాలు, ఇంటికెళ్దాం," అన్నాను. ఆవిడ నా చెయ్యి విడిపించుకుంది. వాడి ఎదురుగా నేల మీదే కూర్చుంది. చిన్నప్పుడు అన్నం తినిపించేటప్పుడు కూర్చున్నంత దగ్గరగా కూర్చుని, వాడి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"ఆదీ, నిజం సెప్పు. నువ్వు పసుపుకొచ్చినప్పుడు మీ మావకి ఊపిరున్నాదా?"

వాడు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"సెప్పరా."

"ఉన్నాది అత్తా. నీళ్ళడిగినాడు. 'తెత్తాను మావా' అని సెప్పి వచ్చినాను."

వదిన వాణ్ణి కొట్టలేదు. శాపం పెట్టలేదు. వాడి గడ్డం మాత్రం వదల్లేదు.

"ఆ పొద్దు నాను నీకు టీ ఇచ్చినాను," అంది. "గుమ్మంలో కూకుని, సల్లారబెట్టుకుని, మొత్తం తాగీసి మరీ ఎల్లినావు."